2024 వార్షిక నివేదిక: మన సాయంత్రాలు, మా నాన్న డబ్బాలు

ట్రినిడాడ్‌లోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఈ నివేదిక రాసే ప్రతిసారీ నాకు ఒకటే టెన్షన్, ఎవరి పేరు వదిలేస్తానో అని. నిరుడు ఒక పేరు జారిపోయింది. ఆ అలక ఉగాది దాకా సాగింది. అందుకని ఈసారి ఎవరి పేరూ రాయకూడదని కమిటీలోనే అనేసుకున్నాం. పని చేసినవాళ్లకు తాము చేశామని తెలుసు, చూసినవాళ్లకూ తెలుసు.

ఒక్కరి గురించి మాత్రం విడిగా రాయాలన్నారు. ఆయన మా నాన్న. ముప్పై అయిదేళ్లుగా మన కార్యక్రమాల సౌండు, లైట్లు, కుర్చీలు చూసుకున్న మనిషి ఈ డిసెంబరుతో ఆ పని మానుకున్నారు. "నేను రాస్తే సొంత డబ్బా అనుకుంటారండీ" అన్నాను. అధ్యక్షురాలు వినలేదు. "ఆయన ఇన్నేళ్లూ మోసిన డబ్బాల గురించే రాయమ్మా" అన్నారు. కాబట్టి ఇది సగం నివేదిక, సగం డబ్బా.

ముందు లెక్కల సంగతి. జమాఖర్చుల పట్టిక కోశాధికారి అందరికీ విడిగా పంపారు. లోటు లేదు, చెప్పుకోదగ్గ మిగులూ లేదు. ఈ ఏడాది మూడు కుటుంబాలు ట్రినిడాడ్ వదిలి కెనడా వెళ్లిపోయాయి, అయిదు కుటుంబాలు కొత్తగా చేరాయి. తెలుగు తరగతి ఆదివారం పొద్దున నుంచి శనివారం సాయంత్రానికి మార్చాం, ఎందుకంటే ఆదివారం పిల్లలు లేవరు. నిజం చెప్పాలంటే పెద్దలూ లేవరు.

ఇక కార్యక్రమాలు. కార్నివాల్ ఫిబ్రవరి 12, 13 తేదీల్లో వచ్చింది కాబట్టి జనవరి ఆఖరు వారంలోనే పాన్‌యార్డ్ చూడటానికి వెళ్లాం. కొత్త కుటుంబాల కోసం ఒక మాట: పాన్‌యార్డ్ అంటే స్టీల్‌బ్యాండ్ వాళ్లు (నూనె డ్రమ్ములతో చేసిన పాన్ అనే వాయిద్యం వాయించేవాళ్లు) సాధన చేసే ఆవరణ. ఆ బ్యాండ్ల మధ్య జరిగే పనోరమా పోటీలకు ముందు రాత్రిళ్లు ఎవరైనా వెళ్లి నిలబడి వినొచ్చు. పెద్ద బ్యాండులో వంద మందికి పైగా వాయిస్తారు. వాళ్లలో చాలామంది ముందు నొటేషన్ కాగితం ఉండదు. వరస వరసా చెప్పించుకుని, చేతికి ఎక్కించుకుని వాయిస్తారు. మన సంగీతం పాఠం లాగే.

అందరూ ముందు వరసలో టెనర్ పాన్ వాయించేవాళ్లను చూస్తారు. నాన్న నేరుగా మధ్యలోకి, తాళం వాయించేవాళ్ల దగ్గరికి వెళ్తారు. అక్కడ డ్రమ్స్, కాంగాలు, వాటితో పాటు పాత కార్ల బ్రేక్ డ్రమ్ములు ఉంటాయి. ఆ ఇనుప చక్రాన్ని ఇనుప కడ్డీతో కొడుతుంటే ఆ చప్పుడు మీద మిగతా బ్యాండంతా నడుస్తుంది. ఆ చోటు పేరు ఇంజన్ రూమ్. ఈ పేరు మొదటిసారి విన్న రోజు నాన్న ఇంటికొచ్చి అమ్మకు మూడుసార్లు చెప్పారట. మెయింటెనెన్స్ ఇంజనీరు కదా మరి.

ఆయన 1983లో పాయింట్ లిసాస్‌లో ఒక అమ్మోనియా ప్లాంటులో పనికి వచ్చారు. అంతకుముందు విశాఖపట్నంలో ఎరువుల ఫ్యాక్టరీ. పుట్టింది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. ఇక్కడికి వచ్చేసరికి నాకు మూడేళ్లు. కూవాలో అద్దె ఇల్లు, ఎదురుగా చెరుకు తోటలు. ఇక్కడివాళ్లు పనేమీ పెట్టుకోకుండా నలుగురూ చేరి కూర్చోవడాన్ని లైమ్ అంటారు. మన అరుగు మీద కబుర్లే అది, కాకపోతే మన అరుగుల మీద సోకా (ఇక్కడి కార్నివాల్ పాటలు) మోగదు. ఆ వీధిలో జరిగే లైమ్‌కి రెండో వారం నుంచే నాన్న హాజరు.

స్టీల్‌పాన్ కథ ఆయన చెబితే వినాలి. బ్రిటిష్ వాళ్లు ఇక్కడి నల్లవాళ్ల తోలు డప్పుల మీద ఆంక్షలు పెట్టారు. 1881లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో వాళ్ల కార్నివాల్ ఊరేగింపును పోలీసులు ఆపబోతే పెద్ద గొడవే అయింది. తోలు వద్దంటే వాళ్లు వెదురు గొట్టాలు నేలకేసి కొట్టారు. వెదురు తర్వాత బిస్కెట్ డబ్బాలు, చెత్త డబ్బాలు, ఆపైన నూనె డ్రమ్ములు. ఆ డ్రమ్ము అడుగును సుత్తితో లోపలికి సాగగొట్టి, మంటలో కాల్చి, ఒక్కో గుంటలో ఒక్కో స్వరం పలికించడం 1930ల చివర, 40ల్లో మొదలైంది. 1951లో ఇక్కడి కుర్రాళ్ల బృందం లండన్ వెళ్లి వాయిస్తే అక్కడి జనం నమ్మలేకపోయారు. "డబ్బాలని తీసిపారేయొద్దు పాపా" అని నాన్న ముగిస్తారు. ఆ మాట మీదే మా ఇంట్లో ఏ డబ్బానూ పారేయనివ్వరు. గ్యారేజీలో కారు పెట్టే చోటు లేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు పాత టెనర్ పాన్ ఒకటి కొని తెచ్చారు. దాని మీద స్వరాలు వరసగా ఉండవు, చుట్టూ తిరుగుతూ అయిదో స్వరం పక్కన అయిదో స్వరం చొప్పున ఉంటాయి. నాకు గుర్తుండటం లేదని నాన్న తెల్ల ప్లాస్టర్ ముక్కలు కత్తిరించి, వాటి మీద స రి గ మ అని తెలుగులో రాసి అతికించారు. మర్నాడు పాన్ శ్రుతి చేసే ఆయన వచ్చి చూసి తల పట్టుకున్నారు. రేకు మీద ఆ ముక్క బరువుకే స్వరం మూగబోతుంది. "అమ్మోనియా ప్లాంటు నడిపేవాడివి, ఇది తెలియదా?" అని ఆయన ఇక్కడి యాసలో తిట్టిన తిట్టు ఇక్కడ రాయను. నాన్న కూర్చుని స్పిరిట్‌తో ఒక్కొక్క అక్షరం తుడిచారు. "మ" మాత్రం పూర్తిగా పోలేదు. ఆ పాన్ ఇప్పుడు మన తెలుగు తరగతి గదిలో ఉంది, వెళ్లినప్పుడు చూడండి.

ఉగాది ఏప్రిల్ 9న వచ్చినా మనం ఆ వారాంతంలో చేసుకున్నాం. వేపపూత దొరికింది. పచ్చి మామిడికి ఎలాగూ లోటు లేదు. ఎదురింటి అమ్మాయి ఉగాది పచ్చడి నోట్లో పెట్టుకుని "ఇది బెల్లం వేసిన చౌ" అంది. మామిడి చౌ తెలియనివాళ్లకు: పచ్చి మామిడి ముక్కలకు ఉప్పు, ఘాటైన మిరపకాయ, వెల్లుల్లి, కొత్తిమీర వాసన వచ్చే షాడో బెని ఆకు కలిపి తింటారు. ఆ పిల్ల చెప్పింది తప్పు అనలేం. కూచిపూడి, పిల్లల పద్యాలు, సినిమా పాటలు అయ్యాక రాత్రి తొమ్మిదికి టాసా (ఇక్కడి భారతీయుల తోలు డప్పులు) బృందం దిగింది. అప్పటిదాకా కుర్చీల్లో సర్దుకు కూర్చున్న మన మామ్మలు లేచి నిలబడ్డారు. మధ్యలో ఒకసారి మైకు కూత పెట్టి అందరి చెవులూ చిల్లులు పడ్డాయి. దానికి కారణం నేనే. ఆ సంగతి కిందకి వస్తుంది.

టాసా గురించి కొత్తవాళ్లు ప్రతిసారీ అడుగుతారు, మన పండక్కి అదెందుకని. ఈ ప్రశ్న పాతదే. నేను ఇరవైల్లో ఉన్నప్పుడు సర్వసభ్య సమావేశంలో దీని మీద రెండు గంటలు వాదన జరిగింది. "మన పిల్లలకు మనది నేర్పడానికి సంఘం, వాళ్లది వీధిలో ఎలాగూ వింటున్నారు" అన్నది ఒక పక్షం. అది కొట్టిపారేసే మాట కాదు, ఇప్పటికీ నాకు అందులో సగం సబబే అనిపిస్తుంది. నాన్న వాదించలేదు. ఆయనకు మైకులో మాట్లాడటం రాదు, మైకు పెట్టడమే వచ్చు. సమావేశం అయ్యాక అందరినీ బయటికి తీసుకెళ్లారు. అక్కడ టాసా కుర్రాళ్లు ఎండు కొమ్మలు, అట్టముక్కలు పోగేసి మంట వేశారు. మేక తోలు ముఖాన్ని ఆ సెగకు చూపిస్తూ, వేలితో తట్టి విని, మళ్లీ చూపిస్తూ ఉన్నారు. తోలు బిగిసేకొద్దీ ధన్ ధన్ అన్నది టంగ్ టంగ్ అయింది. "మా ఊళ్లో డప్పు ఇట్లే కాపుతారు" అన్నారు నాన్న. అంతే. వాదించిన పెద్దమనిషి కర్నూలు ఆయన. ఆయనా వంగి మంటలో ఒక పుల్ల వేశారు. తర్వాతి ఉగాదికి టాసా ఉంది.

చట్నీ సంగతీ అంతే. ఈసారి కొత్తగా చేరిన ఒక దంపతులు 'చట్నీ సాయంత్రం' అన్న ప్రకటన చూసి కొబ్బరి, పల్లీ రెండు రకాలు చేసుకొచ్చారు. ఆ రెండూ అయిదు నిమిషాల్లో ఖాళీ అయ్యాయి, కాబట్టి నష్టం లేదు. ఇక్కడ చట్నీ అంటే భోజ్‌పురి పెళ్లి పాటల నుంచి పుట్టిన సంగీతం. పెళ్లికి ముందు శుక్రవారం రాత్రి ఆడవాళ్లే వెళ్లి మట్టి తవ్వి తెచ్చే వేడుక ఉంది, దాన్ని మాటికోర్ అంటారు. అక్కడ పాడే కొంటె పాటలు 1970 ప్రాంతంలో సుందర్ పోపో లాంటివాళ్ల చేతుల్లో పడి రికార్డుల్లోకి, తర్వాత 80ల్లో ద్రుపతీ రాంగూనై లాంటివాళ్ల గొంతుల్లో సోకాతో కలిసి చట్నీ సోకాగా వీధుల్లోకి వచ్చాయి. మన పెళ్లిళ్లలో పుట్టబంగారం తెచ్చేది కూడా మట్టే కదా అని మొదట పోల్చింది మా అమ్మ. ఆ పోలికను ముప్పై ఏళ్లుగా తనదిగా చెప్పుకుంటున్నది నాన్న.

అన్నట్టు, ఒక మాటికోర్ మీద నాకు ఇంకా కోపం ఉంది. నా స్కూలు ఆఖరి వార్షికోత్సవం రోజు నేను పాన్ వాయించాలి. నాన్న రాలేదు. పక్క వీధిలో పెళ్లివారి స్పీకరు కాలిపోయిందని వెళ్లి, తెల్లారి నాలుగింటికి వచ్చారు. చొక్కా నిండా పసుపు. ఒకళ్ల ఆడపిల్ల పెళ్లి పాటకు స్పీకరు బాగుచేసిన మనిషి సొంత ఆడపిల్ల పాట వినలేదు. ఈ విషయం ఈ నివేదికలో రాస్తానని ఆయనకు ముందే చెప్పాను. "రాయి, నిజమే కదా" అన్నారు.

మే 30న భారతీయుల రాక దినం. 1845లో అదే రోజు ఫటెల్ రజాక్ ఓడ కలకత్తా నుంచి రెండు వందల పైచిలుకు మందిని ఇక్కడికి తెచ్చింది. 1917 వరకూ వచ్చిన లక్షా నలభై వేల పైచిలుకు కూలీల్లో మద్రాసు రేవు నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు, ఇక్కడ అందరినీ కలిపి మద్రాసీలు అన్నారు. మన పిల్లలు ఊరేగింపులో నడిచారు. ఎండ దంచేసింది, నీళ్ల సీసాలు చాలలేదు, వచ్చే ఏడాది రెట్టింపు తేవాలి.

జులై రెండు రకాలుగా గుర్తుండిపోయింది. ఒకటో తేదీన బెరిల్ తుఫాను గ్రెనడాకు చెందిన కారియాకూ దీవి మీద పడి ఇళ్ల కప్పులు ఎగరగొట్టేసింది. మన దగ్గర సేకరించిన టార్పాలిన్లు, నీళ్లు, డబ్బా ఆహారం మూడు వాహనాల్లో రేవుకు చేర్చాం. నాన్న వాటితో పాటు బ్యాటరీ రేడియోలు నాలుగు పెట్టారు. అవసరమైనవే పంపాలి నాన్నా అంటే, "రాత్రిపూట ఏం చేస్తారు పాపా వాళ్లు? కరెంటు లేదు, ఇంటికి కప్పు లేదు" అన్నారు. నాకు జవాబు తోచలేదు. పెట్టనిచ్చాం.

నెల మధ్యలో సెయింట్ జేమ్స్‌కి హోసే చూడటానికి వెళ్లాం. దీన్ని నేను కార్యక్రమాల జాబితాలో 'వినోదం' కింద రాస్తే నాన్న కొట్టేశారు. మొహర్రం అది, దుఃఖం. కాగితం, వెదురు, మెరుపు తగరాలతో కట్టిన తాజియాలు వీధిలో వస్తాయి. ఇక్కడ తాజా అంటారు. హసన్, హుసేన్‌ల పేరిట ఆకుపచ్చ, ఎరుపు చంద్రవంకలను ఒక్కొక్కటి ఒక్క మనిషే భుజాల మీద మోస్తూ తిరుగుతాడు. బరువుకు మోకాళ్లు వంగుతాయి, ఇంకొకడు అందుకుంటాడు. చుట్టూ టాసా. మోసేవాళ్లలో హిందువులున్నారు, క్రైస్తవులున్నారు. 1884లో ఇదే హోసే ఊరేగింపు మీద శాన్ ఫెర్నాండోలో బ్రిటిష్ పోలీసులు కాల్పులు జరిపి కూలీలను చంపారు. అలాంటి దేశంలో ఇప్పటికీ జనం ఇలా కలిసి నడవడం చిన్న సంగతి కాదు.

మొదటిసారి ఇది చూసినప్పుడు నేను నాన్న భుజం మీద ఉన్నాను. ఆయన ఏడ్చారని అమ్మ చెబుతుంది, దుమ్ము అని ఆయన చెబుతారు. వాళ్ల ఊళ్లో పీర్ల పండక్కి పీరు పట్టేది వాళ్ల చిన్నాన్న. ముస్లింల ఇళ్లు మూడో నాలుగో ఉన్న ఊళ్లో పీర్లను ఎత్తేది ఊరంతా. ఆ రాత్రి ఇంటికొచ్చి అనంతపురానికి ట్రంక్ కాల్ బుక్ చేశారట. లైన్ కలిశాక చిన్నాన్నతో చెప్పింది ఒక్క ముక్క: "ఈడ కూడా ఉండాది." ఈసారి సెయింట్ జేమ్స్‌లో ఆయన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని కూర్చుని చూశారు. మోకాళ్లు ఇక ఒప్పుకోవడం లేదు.

ఆగస్టులో ఒక కబురు. ఈ దేశపు రాజముద్రలో ఉన్న కొలంబస్ ఓడలు మూడూ తీసేసి స్టీల్‌పాన్ పెడతామని ప్రధాని ప్రకటించారు. నాన్న పేపరు కత్తిరించి ఫ్రిజ్ మీద అతికించారు, డబ్బా గెలిచిందని.

అక్టోబరులో బతుకమ్మకు తంగేడు దొరక్క బంతి, మందారం, నూరువరహాలు, వాటి పక్కన ఇక్కడి జాతీయ పుష్పం చకోనియా పేర్చాం. ఎర్రగా బాగా వచ్చింది. దీపావళికి చగువానాస్‌లో దివాలీ నగర్ చూసి వచ్చాం. ఎప్పటిలాగే పార్కింగ్ దొరకలేదు. ఇంతకన్నా రాయడానికి లేదు.

డిసెంబరులో పరాంగ్ రాత్రి మా ఇంట్లోనే జరిగింది. వెనిజులా వైపు నుంచి వచ్చిన స్పానిష్ క్రిస్మస్ పాటలు ఇవి. నాలుగు తీగల క్వాట్రో, మరకాస్ పట్టుకుని ఇంటింటికీ వచ్చి పాడతారు. హరిదాసులు ధనుర్మాసంలో వచ్చినట్టు వీళ్లూ అదే నెలలో వస్తారు. క్రిస్మస్‌కి ఇక్కడ అందరి దొడ్లో సొరెల్ ఎర్రగా కాస్తుంది. ఆ ఎర్ర కాయల రేకులతో పానకం కాచి, ఆకులు పారేస్తారు. అది మన గోంగూర! మొదటి ఏడాది పక్కింటి టాంటీ (ఇక్కడ ఆంటీని అలా అంటారు) పారేస్తున్న ఆకుల కట్టను అమ్మ అడిగి తెచ్చుకుంటే, పాపం వీళ్లకు తిండికి లేదేమో అనుకుని ఆవిడ ఒక కోడిని కూడా పంపింది. అప్పటి నుంచి ఒప్పందం: కాయలు వాళ్లవి, ఆకులు మావి. ఈసారి అరవై మందికి గోంగూర పచ్చడి, వడలు, పెలావ్ చేసింది అమ్మ. పెలావ్‌లో పడేవి మన కందికాయల్లోంచి ఒలిచిన పచ్చి గింజలే. ముప్పై అయిదేళ్ల నివేదికలూ తిరగేశాను. 'భోజన ఏర్పాట్లు ఘనంగా జరిగాయి' అని ప్రతి ఏడాదీ ఉంది. ఎవరు జరిపారో ఎక్కడా లేదు. పేర్లు రాయకూడదన్న తీర్మానం ఈ ఏడాదే వచ్చింది మరి.

డిసెంబరు 30న దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. నాన్న వెంటనే ఫోన్ చేసి "కర్ఫ్యూ ఉందా?" అని అడిగారు. లేదన్నాను. ఆయన గొంతులో నిరాశ లాంటిది వినపడింది. ఎందుకో నాకు తెలుసు. 1990 జులై 27న పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో సాయుధులు పార్లమెంటులోకి, టీవీ స్టేషన్‌లోకి చొరబడ్డాక దేశమంతా కర్ఫ్యూ. రాత్రి ఎవరూ గడప దాటకూడదు. చక్కెర ఫ్యాక్టరీలో రిటైరైన పక్కింటి ఆజా (తాత), వాళ్ల ఇంటిల్లిపాదీ చీకటి పడకముందే మా ఇంటికి వచ్చేసి, తెల్లారేదాకా ఉండిపోయేవాళ్లు. ఆజా ఢోలక్ వాయించేవారు. ఆ రాత్రుల్లోనే నాన్నకు ధంతాల్ నేర్పారు. నిలువెత్తు ఇనుప కడ్డీని నేల మీద ఆనించి, గుర్రపు లాడం లాంటి ముక్కతో కొట్టే తాళం అది. మా నాన్నకు జీవితంలో వచ్చిన వాయిద్యం అదొక్కటే. ఇప్పటికీ ఎవరి వెనకాలో, లైటు పడని చోట నిలబడి వాయిస్తారు.

ఇక వైర్ల పెట్టె. మన సౌండు సామాను ఉన్న ఆకుపచ్చ ఇనుప పెట్టెను అందరూ చూసే ఉంటారు. అందులో ప్రతి వైరుకూ నాన్న తెలుగులో చీటీలు కట్టారు: మైకు ఒకటి, మైకు రెండు, తబలా, మామ్మల వైపు స్పీకరు. మెయిన్ లైనుకు 'పీకొద్దు'. టాసా బృందంలో చిన్నప్పటి నుంచి మనకు వాయిస్తున్న కుర్రాడు ఒకడున్నాడు, ఇప్పుడు వాడికీ ఇద్దరు పిల్లలు. తెలుగులో వాడు చదవగలిగేది ఈ ఒక్క మాటే. ఉగాది రోజు నేను తొందరలో ఆ వైరు లాగి వేరే సాకెట్లో పెట్టబోతే మైకు కూత పెట్టింది. వాడు పరిగెత్తుకొచ్చి చీటీ చూపించి "పీకొద్దు, ఆంటీ" అన్నాడు. నాన్న స్టేజీ వెనక కూర్చుని ఉన్నారు. నవ్వలేదు, కానీ భుజాలు కదిలాయి.

డిసెంబరు ఆఖరి ఆదివారం ఆ పెట్టె మా ఇంటికి మారింది. తాళం నా దగ్గర ఒకటి, ఆ టాసా కుర్రాడి దగ్గర ఒకటి. సామాను కావాల్సినవాళ్లు కనీసం రెండు రోజుల ముందు చెప్పాలి. తిరిగి ఇచ్చేటప్పుడు వైర్లు చుట్టి ఇవ్వాలి, ముడులు వేయకూడదు. 2025 కార్నివాల్ మార్చి 3, 4 తేదీల్లో, పాన్‌యార్డ్‌కి ఫిబ్రవరిలో వెళ్దాం, నాన్నకు కుర్చీ నేను తెస్తాను. ఉగాది మార్చి 30, ఆదివారం. చీటీలు పాతబడి ఊడిపోతున్నాయి, వాటి మీద కొత్త ప్లాస్టర్ వేసే పని తెలుగు తరగతి పిల్లలకు అప్పగించాం. రాత పిల్లలదే అయినా మాటలు పాతవే ఉంటాయి. దయచేసి ఎవరూ పీకొద్దు.

కార్యదర్శి